ఎముకలు కనపడని ఫొటో

ఫోను మోగితే ముందు యాకయ్య ఎత్తుతాడు, హలో హలో అని గొంతు చించుకుంటాడు, ఆ తర్వాత తనను పిలుస్తాడు, అప్పుడు లేవాలి, ఇంతమంది చూస్తుండగా ఆ బల్ల దాకా నడవాలి. చిలుకమ్మ ఈ కాస్త పనినీ మనసులో మళ్ళీ మళ్ళీ చేసి చూసుకుంటూ వరంగల్ కాశిబుగ్గలో తమ వాడ నేతగాళ్ళ సంఘం ఆఫీసులో నూలు బేళ్ళకు వీపు ఆనించి కూర్చుంది. సంఘం గుమస్తా యాకయ్య ముందు ఫోను నల్లగా, పొయ్యి మీది నుంచి దించిన కుండలా కూర్చుంది. అంకెలు తిప్పే చక్రానికి చిన్న తాళం. వచ్చే మాట రావచ్చు గాని ఇక్కడి నుంచి మాట పోవడానికి లేదు. పట్నంలో ఈ పొద్దున ఆమె మొగుడు వెంకట్రాజాన్ని మిషన్ కింద పడుకోబెట్టి గుండెకు ఫొటో తీస్తారు, అది కాగానే పగటి అన్నం వేళకు ట్రంకాల్ చేస్తానని మరిది రాజలింగు చెప్పి వెళ్ళాడు. అన్నం వేళ దాటిపోయింది. యాకయ్య డబ్బా విప్పి తిని, చెయ్యి కడుక్కొని, మూతి తుడుచుకొని మళ్ళీ నూలు తూకం మొదలుపెట్టాడు కూడా. అయితే ఏమిటి, పట్నంలో దవాఖాన పని అంటే ఒకరి తర్వాత ఒకరు, ఆయన వంతు రావద్దూ, వచ్చినా రాజలింగు ఫోను ఎక్కడుందో వెతుక్కోవద్దూ, దొరికినా లైను కలవద్దూ. ఒక్కో అడ్డాన్నీ తనే తెచ్చి వరసగా పేర్చుకుంటే ఆలస్యానికి ఒక అర్థం ఉన్నట్టు ఉంటుంది. పేర్చినంతసేపు గుండె నిమ్మళంగా ఉంటుంది. పేర్చడానికి ఇంకేమీ దొరకనప్పుడే కష్టం.

నూలు కోసం వరసలో నిలబడ్డ ఆడవాళ్ళలోంచి కట్టమ్మ వంగి చూసింది. "ఏందే చిలుకా, నూలుకు రాకుండ ఫోను కాడ కూసున్నవ్. సర్పంచు పదవేమన్న వచ్చిందా నీకు?" పక్కనున్నామె మోచేత్తో పొడిచి చెవిలో ఏదో అంటే కట్టమ్మ మొహం మారిపోయింది, కొంగు నోటికడ్డం పెట్టుకుంది, కాసేపటికి తనే మళ్ళీ, "ఫికర్ చెయ్యకు. ఇప్పుడన్నీ మిషన్లే. కోసుడు లేదు, కుట్టుడు లేదు," అన్నది. చిలుకమ్మ తల ఊపింది. కోసుడు లేదు, నిజమే, అందుకే కదా తను ఒప్పుకున్నది. చేతికి ఒక్క సూది. హన్మకొండ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ముందు మందు లేకుండా రొమ్ముకు ఒక ఫొటో తీస్తారు, అందులో ఎముకలు, ఊపిరితిత్తులు అన్నీ పడతాయి. తర్వాత చేతి నరంలోకి మందు ఎక్కిస్తారు, అది రక్తంలో కలిసి గుండెకు చేరుకోగానే రెండో ఫొటో. అప్పుడు మిషనే మొదటి ఫొటోను రెండో ఫొటోలోంచి తీసేస్తుంది. ఎముకలు పోతాయి, మందు పారే నరాలొక్కటే మిగులుతాయి. ఎముకలు ఎటు పోతయి సారూ అని ఆమె అడిగితే డాక్టరు నవ్వాడు. ఎటూ పోవమ్మా, ఫొటోలో కనపడవు, అంతే. ఆ రాత్రి ఆమె మొగుడి పక్కన పడుకొని ఎముకలు కనపడని మనిషిని ఊహించుకోబోయింది. జంపఖానాలోంచి పడుగు దారాలన్నీ లాగేస్తే పేక ఒక్కటే గాలిలో నిలబడుతుందా, నిలబడదు, కుప్పగా కూలిపోతుంది. కాని ఆ మిషన్ నిలబెడుతుందట. నిలబెట్టి, ఎక్కడ పోగు సన్నబడిందో, ఎక్కడ తెగబోతున్నదో చూపిస్తుందట.

కదలకూడదు అన్నాడు డాక్టరు. రెండు ఫొటోలూ ఒకదానిమీద ఒకటి అచ్చంగా కూర్చోవాలి, రవ్వంత కదిలినా అంతా చెదిరిపోతుంది, ఊపిరి బిగబట్టి పడుకోవాలి. ఆ మాటకు ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయనా, కదలకుండా ఉండేది? మగ్గం గుంతలో కూర్చుంటే కాళ్ళు ఆడతాయి, లేచి అరుగు మీద కూర్చున్నా ఆడతాయి, నిద్రలో కూడా ఒక కాలి తర్వాత ఒక కాలు తొక్కుతూనే ఉంటాడు, పెళ్ళయిన కొత్తలో ఆ తన్నులకు తను జడుసుకొని అత్తకు చెబితే, నేసేటోని పక్కన పండుకుంటె బట్ట అవుతవే అని అత్త నవ్వింది. రాజలింగు ప్రయాణం ముందు రోజు అన్నను నులక మంచం మీద పడుకోబెట్టి, కదలకు అన్నా, ఊపిరి పట్టు అన్నా, అని తర్ఫీదు ఇచ్చాడు. వాడకట్టు పిల్లలు గడపలో గుమిగూడారు. ఆయన బిగుసుకొని పడుకొని కళ్ళు మూసుకున్నాడు. పాదాలు సన్నగా వణికాయి, తర్వాత ఆగిపోయాయి. అట్లా ఆగిన పాదాలను చూడలేక ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. తోడు వస్తానంటే ఆయనే వద్దన్నాడు. "నీ మొఖం చూసుకుంట కూసుంటె నాకు లేని రోగం వస్తది. ఇంటికాడనే ఉండు." ఉన్నది. ఉండి ఏం చేస్తున్నది, నూలు వాసన పీలుస్తున్నది. గంజి, సున్నం, తడిసిన గోనె కలిసిన ఈ వాసన ఆయన చొక్కాలో ఎప్పుడూ ఉంటుంది, ఉతికినా పోదు, దవాఖాన వాళ్ళు ఆ చొక్కా విప్పించి ఎక్కడ పెట్టారో.

ఎడమ చెయ్యి. అంతా ఆ ఎడమ చేతి దగ్గరే మొదలైంది, కాదు, మొదలైందని ఎవరికీ తెలియకపోవడం దగ్గర. కుడి చెయ్యి తాడు లాగి నాడెను విసురుతుంది, ఎడమ చెయ్యి బరువైన చట్రాన్ని గుంజి పేకను బిగగొడుతుంది, పొద్దున నుంచి దీపం వేళ దాకా అదే దెబ్బ, అదే దెబ్బ. నలభై దాటిన నేతగాడికి ఎడమ భుజం లాగకపోతేనే అనుమానించాలి. మగ్గం చెయ్యి అంటారు ఇక్కడ. నీకు మగ్గం చెయ్యి వచ్చిందా, ఇంకేం, పనిమంతుడివైనావు అని పెద్దవాళ్ళు వీపు తట్టేవాళ్ళు. ఆయనకూ వచ్చింది. నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాచి తను రుద్దేది, ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టేది, రుద్దుతుంటే కొన్నాళ్ళు ఆ నొప్పి దవడలోకి పాకిందన్నాడు, చలికాలంలో కూడా చెమట పట్టింది, ఇంకా గట్టిగా రుద్దింది. పోయినేడు మేడారం జాతరకు పోయినప్పుడు బస్సు దిగి నాలుగడుగులు వేశాడో లేదో బెల్లం బుట్ట దించి ఇసుకలో కూలబడ్డాడు. చేతికి మగ్గం నొప్పి లేచింది అన్నాడు. అక్కడ మగ్గం ఎక్కడిది, అడవి, ఇసుక, జనం, డప్పులు. తనకైనా తట్టాలి కదా, తట్టలేదు, బుట్ట తను ఎత్తుకొని నడిచింది, సమ్మక్కతల్లికి బెల్లం ఇచ్చి ఆయన చెయ్యి బాగుచెయ్యమని మొక్కింది. తల్లికి చెయ్యి అని చెప్పింది. గుండె అని చెప్పలేదు. హన్మకొండ డాక్టరు, పనిచేస్తుంటే నొప్పి వస్తుందా అని అడిగినప్పుడు ఆయన, పని చేస్తె రాకుంటె ఎట్ల సారూ అన్నాడు, డాక్టరు కలం కింద పెట్టి ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ తనకు గుచ్చుకుంటుంది.

బయట ఎద్దుబండి ఆగింది, యాకయ్య లేచి వెళ్ళాడు, ఫోను ఒంటరిగా మిగిలింది. ఇప్పుడు మోగితే? యాకయ్య లేకుండా మోగితే తను ఎత్తవచ్చా, ఏ కొస చెవికి పెట్టుకోవాలి? ఇంతకుముందు ఒక్కసారే ఫోను పట్టుకున్నది, అన్న గుండయ్య మద్రాసు దిక్కు పెద్ద దవాఖానలో ఉన్నప్పుడు, మిల్లు ఆఫీసులో. ఎమర్జెన్సీ అయిపోయిన ఏడు. గుండయ్య మిల్లు కార్మికుడు కాబట్టి ప్రభుత్వమే అంతదూరం పంపింది, ఆ రోజుల్లో అదొక గొప్ప, రైలెక్కేటప్పుడు దండ కూడా వేశారు. తొడ దగ్గర నరం తెరిచి సన్నటి గొట్టం గుండె దాకా పంపారట, మందు వదిలి ఫొటో దింపారట, ఫొటో బ్రహ్మాండంగా పడిందట. కాని గొట్టం తీశాక ఆ కాలు చల్లబడింది. రక్తం గడ్డ కట్టి అడ్డం పడిందన్నారు, నూటికో వెయ్యికో ఒకరికి అట్లా అవుతుందన్నారు, ఎవరి తప్పూ లేదన్నారు. నూటికో వెయ్యికో అన్న ఆ ఒకడు తన అన్న కావడం ఎట్లా? వేలు నల్లబడింది, పాదం నల్లబడింది, నలుపు పైకి పాకుతుంటే చివరికి మోకాలి పైన తీసేశారు. ఇంటికి వచ్చినాడు. వచ్చి, ఆడవాళ్ళ మధ్య రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టాడు, మిల్లులో పెద్ద మిషన్ తిప్పిన మనిషి. "గుండెను చూపిత్తమన్నరు, కాలును కిరాయి పట్టుకున్నరు," అని అందరికంటే ముందు తనే నవ్వేవాడు, ఎవరూ జాలిపడే సందు ఇవ్వకుండా. ఆ తర్వాత గుండె నొప్పి అన్న మాట ఆయన నోట రాలేదు. లేక వచ్చినా చెప్పలేదేమో. ఒకరోజు పొద్దున కండె చేతిలోనే ఉంది, రాట్నం మీదికి వంగి ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకున్నారు.

గుండయ్య భార్య లచ్చవ్వ దగ్గరికి పోయిన వారం వెళ్ళింది తను, ఇట్లా పట్నం తీసుకుపోతున్నారు వదినె అని చెప్పడానికి. లచ్చవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు. "మా ఇంట్ల మీ అన్న కర్ర ఇంకా మూలకే ఉన్నది. నీ మొగనికి గావాల్నంటె తీస్కపో." అంత మాట అన్న నాలుకే ఆ వెంటనే, "కూసో, చాయ తాగిపో," అన్నది. తను కూర్చోలేదు. కూర్చుంటే మూలకు చూడాల్సి వస్తుంది. ఇంటికి నడుస్తూ నడుస్తూ దారిలోనే నిర్ణయించుకున్నది, నేరుగా మగ్గం గుంత దగ్గరికి వెళ్ళి, ఆయనను పడుగు మీద చెయ్యి పెట్టమన్నది. సూది వరకే. గొట్టం అంటే పెట్టనియ్య, అను. ఎవలేమన్న పెట్టనియ్య, అను. ఆయన అన్నాడు. వాళ్ళింట్లో మగ్గం మీద పడుగు ఉండగా దానిమీద చెయ్యి పెట్టి అన్న మాట ఎవరూ తప్పరు, ఒట్టు అడిగినవాళ్ళే తమ నోటితో విడిచిన అని చెప్పాలి, చెబితేనే వీడుతుంది. మామ అట్లాగే కల్లు మానతానని అత్తకు ఒట్టు పెట్టాడు. విడవకుండానే అత్త పోయింది. ఆమె దినాలనాడు కులమంతా తాగుతుంటే మామ ఒక్కడే ఎండిన నోటితో కూర్చున్నాడు, ఎవరు బతిమాలినా, ఇడిసేటామె పోయింది గద అన్నాడు, తను పోయేదాకా ముట్టలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడు వెంకట్రాజం. ఆయనతో ఒట్టు పెట్టించుకున్న రోజు నుంచి తనకు నిద్ర పట్టింది. డాక్టరు, చేతికి సూది అని చెప్పిన తర్వాత, 'కానీ' అన్నాడు, ఆ 'కానీ' తర్వాతి మాటను తను అప్పుడు చెవి బయటే నిలబెట్టింది. నిలబెట్టినా అది పోలేదు, ఇన్నాళ్ళూ గడప దగ్గరే కాచుకొని ఉంది. కానీ గుండె ఆగదు కదమ్మా, కొట్టుకుంటూనే ఉంటుంది, పెద్ద నాళాలు బాగా పడతాయి, గుండె మీది సన్న నాళాలు చెదిరిపోతే చెదిరిపోవచ్చు, అప్పుడు గొట్టమే గతి. తను రాజలింగుకు ఈ మాట చెప్పిందా? చెప్పలేదు. డాక్టరే చెప్పి ఉంటాడులే అనుకున్నది.

మోగింది. గది మొత్తం ఒక్కసారి లేచి నిలబడ్డట్టయింది. యాకయ్య పరుగున వచ్చి ఎత్తి, ఆ వరంగలే, ఆ ఉన్నది, ఉన్నది అని అరిచి ఆమె వైపు చెయ్యి చాపాడు. ఇన్నిసార్లు చేసి చూసుకున్న నడక ఎట్లా నడిచిందో ఆమెకు తెలియదు.

"వదినె, నేను రాజలింగును. ఇనపడుతాందా?"

"ఇనపడుతాంది. ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. సూదేసిండ్రు, ఫొటో తీసిండ్రు. కదల్లేదు గూడ. గని పెద్ద నరమే పడ్డదట, గుండె మీది సన్న నరాలు మసక మసక ఉన్నయట. ఒకకాడ అనుమానమున్నదట. గొట్టం పెట్టి చూస్తెనే తెలుస్తదంటాండు డాక్టరు. రేపు పొద్దుగాల్ల చేస్తమంటాండ్రు. అన్న ఒప్పుకుంటలేడు. నీకు ఒట్టు పెట్టిండట గద, అదే పట్టుకొని కూసున్నడు. చూపిచ్చుకోకుంటె ఏ నిమిషం ఏమైతదో చెప్పలేమంటాండు డాక్టరు. జర నువ్వు చెప్పు. ఇగో, ఇస్తాన."

ఏదో గీరుకున్న చప్పుడు. తర్వాత ఊపిరి. ఇరవై ఏళ్ళకు పైగా చెవి పక్కన విన్న ఊపిరి, తీగలో ఇంత సన్నగా అయిపోయి వచ్చింది.

"ఏమే," అన్నాడు.

"ఊఁ."

"ఇన్నవు గద. నేను పెట్టనియ్యనన్న. ఒట్టున్నది గద."

ఒట్టు ఉన్నది. ఉన్నదని ఒక్క మాట అంటే చాలు, ఎల్లుండి పొద్దున రెండు కాళ్ళతో రైలు దిగుతాడు, నడిచి ఇంటికి వస్తాడు, మగ్గంలో దిగుతాడు, చెయ్యి లాగుతుంది, తను నూనె కాస్తుంది. నూనె. ఏమీ చూడకుండా ఎన్నేళ్ళు రుద్దింది, తోలు మీద రుద్దుతుంటే లోపల ఏం జరుగుతున్నదో తెలియకుండా, మసక మసక అన్నాడు రాజలింగు, అంత పెద్ద మిషన్‌కే మసకగా ఉంటే తన చేతులకు ఏం తెలుస్తుంది, ఒక రాత్రి రుద్దుతూ రుద్దుతూ ఉండగానే ఆ భుజం చల్లబడితే, చల్లబడిందని కూడా వెంటనే తెలియకుండా ఇంకా రుద్దుతూనే ఉంటే. కాని గుండయ్య వేళ్ళు. గుండయ్య నవ్వు. ఎటు చూసినా ఎవరో ఒకరు చల్లబడుతూనే ఉన్నారు, ఒకడు చూపించుకొని, ఒకడు చూపించుకోక. తీగలో గుయ్యిమంటున్నది. ఎక్స్‌చేంజిలోని ఆడమనిషి గొంతు ఒకటి మధ్యలో దూరి, మూడు నిమిషాలవుతోంది అన్నది. వెనక నూలు వరసలో ఒక్కరూ కదలడం లేదు.

"ఇడిసిన," అన్నది చిలుకమ్మ. మళ్ళీ గట్టిగా అన్నది. "ఒట్టు ఇడిసిన. చూపిచ్చుకో."

 

"నిజంగనేనా?" అన్నాడు.

"నిజంగనే."

"గుండన్న సంగతి యాదికున్నదా నీకు?"

"యాదికున్నది."

"యాదికుండే అంటున్నవా?"

అప్పుడు తెలిసింది ఆమెకు. ఒట్టు విడవమని అడగడానికి ఫోను పట్టుకున్నవాడు ఇన్నిసార్లు అడగడు. డాక్టరు కోపం, తమ్ముడి బతిమాలుడు, ఆ తెల్లటి గది, వీటన్నిటి నుంచి దాక్కోవడానికి ఆయనకు దొరికింది ఆ ఒట్టు ఒక్కటే. భయమైతాంది అనే మాట ఆయన పుట్టి ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనడు, ఒట్టు ఉన్నది గద అని ఆమె అంటే అదే చాలు, తలెత్తుకొని ఇంటికి వచ్చేవాడు. పడుగు మీద చెయ్యి పెట్టమన్నప్పుడు తను మాట ముగించేలోపే పెట్టాడు. తన భయానికి ఆయన్ను కట్టేశాననుకుంది ఇన్నాళ్ళూ.

"సరె," అన్నాడు ఆయన. సంతకు పొమ్మంటే సంచి తీసుకొని లేచేటప్పుడు అనే సరె అది.

"అది కాదు, ఇగో, ఇను," అన్నది ఆమె, కాని ఆ మాట గుయ్యిమనే తీగకు మాత్రమే చేరింది, మూడు నిమిషాలూ నిండి లైను తెగిపోయింది. యాకయ్య ఆమె చేతిలోంచి మెల్లగా ఫోను తీసుకొని పెట్టేశాడు. "ఏమన్నరక్కా?" రేపు గొట్టం పెట్టి చూస్తరట అని చెప్పింది.  తూకం రాళ్ళు మళ్ళీ పళ్ళెంలో పడ్డాయి, వరస ఒక అడుగు ముందుకు జరిగింది.

"యాకయ్యా, మల్ల కలుపుతవా?"

"ఇక్కడికెంచి బుక్ చేస్తె మాపటి దాకా కలువది అక్కా. కలిసినా దవాఖానల పిలిచేదెవలు? ఏమన్న చెప్పేదుండెనా?"

"బుక్ చెయ్యి. కూసుంట."

యాకయ్య జేబులోంచి తాళంచెవి తీసి, చక్రానికి ఉన్న తాళం విప్పాడు. ఆమె వెళ్ళి బేళ్ళ పక్కన మునుపటి చోటే కూర్చుంది. కలిస్తే ఏం చెప్పాలో, వద్దు, ఒట్టు అట్లనే ఉన్నది, ఇంటికి రా అనాలో, భయపడకు అని మాత్రమే అనాలో ఆమెకు తెలియలేదు. ట్రంకాల్ బుక్ చెయ్యడానికి యాకయ్య ఎక్స్‌చేంజి నంబరే మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాడు, అటువైపు ఎవరూ ఎత్తడం లేదు.